బటన్ నొక్కాక పేజీ తెల్లగా ఉండిపోతోందా? సర్వర్‌లో పని ఎంతవరకు వచ్చిందో బ్రౌజర్‌లో చూపించడం ఎలా

"అన్నా, బటన్ కొట్టినంక పేజీ తెల్లగనే ఉంటున్నది. పని అయితున్నదా, ఆగిందా, ఏం తెలుస్తలేదు."

ఈ ప్రశ్న నాకు నెలకు రెండుసార్లయినా వస్తుంది. నల్గొండలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు అడుగుతారు, పాలమూరులో స్కూలు ఫీజుల సాఫ్ట్‌వేర్ చూసుకునే తమ్ముడు అడుగుతాడు. ఫోన్లో అరగంట చెప్పినా సగం మరిచిపోతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. సీజన్ చివర గుమస్తా "లెక్క తేల్చు" అనే బటన్ నొక్కితే, కాంటా చీటీలన్నీ తీసి, తరుగు పోను ఏ రైతుకు ఎంత రావాలో లెక్కగట్టి, వాళ్ల ఫోన్లకు మెసేజ్ పంపాలి. ఆయన నొక్కాడు. పేజీ తెల్లగా ఉంది. నిమిషం తర్వాత 504 అని వచ్చింది, అంటే సర్వర్ నుంచి సమయానికి జవాబు రాలేదని. మళ్లీ నొక్కాడు, మళ్లీ 504. మూడోసారీ నొక్కాడు. లోపల మూడు లెక్కలూ పక్కపక్కనే హాయిగా నడుస్తున్నాయి. తెల్లారి ఒక పెద్దాయన మిల్లు గేటు దగ్గరికొచ్చి ఫోన్ చూపించి, "మెసేజ్ మూడుసార్లు అచ్చింది, పైసలు ఒక్కపారే పడ్డయి. మిగిలిన రెండుసార్లవి ఎప్పుడేస్తరు?" అని అడిగాడట. గుమస్తాను తిట్టడానికి లేదు. తెల్ల పేజీ ముందు ఎవరైనా మళ్లీ నొక్కుతారు.

అదే మిల్లులో నాకు సమాధానం కూడా దొరికింది. హమాలీలు బస్తాలు దింపుతుంటారు. గుమస్తా పక్కన నిలబడి పుస్తకంలో గీతలు పెడుతుంటాడు. సేటుకు ఎన్ని దిగాయో కావాలంటే పుస్తకం చూస్తాడు. బస్తా మోస్తున్న హమాలీని ఆపి అడగడు. సేటు ఇంటికి పోయినా దింపుడు ఆగదు. మన సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ ముగ్గురిని విడదీయాలి. పని చేసేది ఒక ప్రోగ్రామ్, లెక్క రాసుకునేది డేటాబేస్‌లో ఒక వరుస, చూసేది బ్రౌజర్. మనలో చాలామంది ఈ మూడింటినీ ఒకే పేజీలో కుక్కేస్తాం, గొడవంతా అక్కడే.

కావలసినవి

నేను పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పట్టుకుని చెబుతాను, మన దగ్గర చిన్న పనులు ఎక్కువగా వాటి మీదే ఉన్నాయి కాబట్టి. పైథాన్ వాడేవాళ్లకూ పద్ధతి ఇదే. సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) వెళ్లగలిగితే మంచిది, లేకపోతే కనీసం క్రాన్ (చెప్పిన సమయానికి ప్రోగ్రామ్‌ను దానంతట అదే నడిపేది) పెట్టుకునే వీలుండాలి. రెండూ లేని చవక హోస్టింగ్ అయితే దాని దారి చివర్లో చెప్పాను. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టుకోండి.

1. లెక్కల పుస్తకం తయారు చేసుకోండి

డేటాబేస్‌లో "పనులు" అని ఒక టేబుల్ చేయండి. ఒక్కో పనికి ఒక్కో వరుస. అందులో పని నంబరు, స్థితి, మొత్తం ఎన్ని, అయినవి ఎన్ని, తప్పినవి ఎన్ని, ఒక చిన్న సందేశం, మొదలైన సమయం, చివరిసారి రాసిన సమయం ఉండాలి. స్థితి నాలుగు రకాలు చాలు: వేచి ఉంది, నడుస్తోంది, అయిపోయింది, ఆగిపోయింది.

శాతం దాచుకోకండి. అయినవాటిని మొత్తంతో భాగిస్తే అదే వస్తుంది. చివరిసారి రాసిన సమయం మాత్రం తప్పకుండా పెట్టండి. చాలామంది వదిలేసేది అదే, తర్వాత ప్రాణం మీదికొచ్చేదీ అదే.

పని నంబరు 41, 42 అని వరుసగా ఇవ్వొద్దు. అడ్రస్‌లో 42ను 43 చేసి పక్క మిల్లు లెక్క చూసే మహానుభావులు ఉంటారు. రాండమ్ బైట్స్ ఫంక్షన్‌తో 16 బైట్లు తీసి, బిన్‌టుహెక్స్‌తో 32 అక్షరాల నంబరుగా మార్చుకోండి. అడిగినవాళ్లకు ఆ పని చూసే హక్కు ఉందో లేదో లాగిన్‌తో కూడా సరిచూడండి.

2. బటన్ పని మొదలుపెట్టాలి, అంతే

బటన్ నొక్కగానే సర్వర్ మూడు పనులు చేసి తప్పుకోవాలి: పుస్తకంలో వరుస రాయడం, అసలు ప్రోగ్రామ్‌ను వెనకాల మొదలుపెట్టడం, పని నంబరును బ్రౌజర్‌కు ఇవ్వడం. ఇదంతా ఒక సెకనులోపు అయిపోవాలి.

వెనకాల మొదలుపెట్టడానికి ఎగ్జెక్ ఫంక్షన్‌లో (పీహెచ్‌పీ నుంచి సర్వర్ కమాండ్ నడిపేది) నోహప్‌తో (పిలిచినవాడు పోయినా ప్రోగ్రామ్‌ను ఆగనివ్వని కమాండ్) పీహెచ్‌పీ ప్రోగ్రామ్‌ను పిలిచి, చివర యాంపర్‌సాండ్ (&) గుర్తు పెట్టండి. ఇక్కడ ఒక గోతి ఉంది. ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను, ఎర్రర్లను రెండింటినీ ఏదైనా ఫైల్‌లోకి మళ్లించాలి. మళ్లించకపోతే యాంపర్‌సాండ్ పెట్టినా పీహెచ్‌పీ ఆ పని అయ్యేదాకా కదలదు, మీకు మళ్లీ తెల్ల పేజీయే. డెవ్ నల్‌లో (ఏం వేసినా మాయమయ్యే చోటు) పారేయకుండా లాగ్ ఫైల్‌లోకి పంపండి, రేపు ఏం జరిగిందో చూసుకోవడానికి అదొక్కటే దిక్కు. పని నంబరును కమాండ్‌లో పెట్టేటప్పుడు, అందులో ఎవరూ వేరే కమాండ్ దూర్చకుండా ఎస్కేప్ షెల్ ఆర్గ్ ఫంక్షన్ వాడటం మరవొద్దు.

ఎగ్జెక్ మూసేసిన సర్వర్ అయితే క్రాన్ వాడండి. నిమిషానికోసారి లేచి, "వేచి ఉంది" అన్న వరుస ఉంటే తీసుకుని నడపాలి. మొదలవడానికి నిమిషం దాకా ఆలస్యమవుతుంది, కాబట్టి పేజీలో "వరుసలో ఉంది" అని చూపించండి. తాళం వేసే ఫ్లాక్ కమాండ్‌ను హైఫన్ ఎన్‌తో వాడితే, ముందు క్రాన్ ఇంకా నడుస్తుండగా కొత్తది దూరదు. నాకు అడిగితే క్రాన్ దారే మేలు. సర్వర్ మధ్యలో రీస్టార్ట్ అయినా, ఇంకా మొదలుకాని పనులు వరుసలో అలాగే ఉంటాయి.

రెండుసార్లు నొక్కే సమస్యను బటన్‌ను బూడిద రంగు చేసి ఆపలేరు. పేజీ రిఫ్రెష్ చేస్తే రంగు మళ్లీ వస్తుంది. ఆ మిల్లుకు, ఆ సీజన్‌కు పని ఇప్పటికే నడుస్తుంటే కొత్త వరుస రాయకుండా, పాత నంబరునే తిరిగి ఇవ్వండి. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కినా తప్పు జరగకుండా డేటాబేస్‌లోనే యూనిక్ కీ (ఒకే రకం వరుస రెండోసారి రాయనివ్వని నియమం) పెట్టుకుంటే నిశ్చింత.

3. అసలు ప్రోగ్రామ్‌లో లెక్క రాయించండి

కమాండ్ లైన్‌లో నడిచే పీహెచ్‌పీకి సమయ పరిమితి లేదు. వెబ్‌లో నడిచేదానికి మామూలుగా 30 సెకన్లు. ఈ 30 సెకన్ల దగ్గర కొత్తవాళ్లు బాగా తికమకపడతారు. లైనక్స్‌లో డేటాబేస్ కోసం ఎదురుచూసిన సమయం ఆ 30లోకి రాదు, విండోస్‌లో వస్తుంది. అందుకే మీ ల్యాప్‌టాప్‌లో 30 సెకన్లకే చచ్చిపోయిన ప్రోగ్రామ్, సర్వర్‌లో మాత్రం నడుస్తూ ఉంటుంది, 60 సెకన్లకు ఎన్‌జినెక్స్ (బ్రౌజర్‌కూ పీహెచ్‌పీకీ మధ్య నిలబడే వెబ్ సర్వర్) విసుగొచ్చి 504 చూపించినా వెనకాల ఆగదు. నా మిల్లు కథలో జరిగింది ఇదే.

ముందుగా మొత్తం ఎన్ని చీటీలున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. తర్వాత ఒక్కొక్కటీ తీసుకుని, పని పూర్తయ్యాక ఒకటి కలపండి. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అంటారు కదా, ఆ లాభం కూడా మానిక పోశాకే. మొదలుపెట్టగానే కలిపేస్తే, మధ్యలో తప్పిన చీటీ కూడా అయినట్టే కనబడుతుంది.

ప్రతి చీటీకీ పుస్తకం తెరవకండి. 18,240 చీటీలుంటే అన్నిసార్లు అదనంగా రాసినట్టు, పనికంటే రాతే ఎక్కువవుతుంది. సెకనుకోసారి, లేదా 50 చీటీలకోసారి రాస్తే చాలు. కానీ లూప్ అయిపోయాక చివరిసారి తప్పనిసరిగా రాయాలి. లేకపోతే పేజీలో ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీ 18,200 దగ్గరే నిలిచిపోయి, గుమస్తా మీకు ఫోన్ చేస్తాడు.

ఇప్పుడు అందరూ పడే గుంత. లెక్కలన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి ఖాయమయ్యే, లేదా అన్నీ కలిసి రద్దయ్యే రాతల కట్ట) పెట్టి, పుస్తకం రాత కూడా అదే కనెక్షన్‌లో రాస్తారు. ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యేదాకా, అంటే ఖాయమయ్యేదాకా, ఆ రాత బయటివాళ్లకు కనబడదు. బ్రౌజర్‌లో పది నిమిషాలు సున్నా, ఆ తర్వాత ఒక్కసారిగా నూరు. ఈ ఒక్క కారణానికే ఒక పిల్లాడు రెండు రోజులు జావాస్క్రిప్ట్ తిరగేశాడు, తప్పు అక్కడ లేనే లేదు. పుస్తకం రాయడానికి వేరే డేటాబేస్ కనెక్షన్ తెరవండి. లెక్క వెనక్కి పోయినా పుస్తకంలో రాసింది ఉండాలి.

మెసేజ్‌లు పంపే పనైతే ప్రతి రైతు వరుసలో "పంపింది" అని గుర్తు పెట్టండి. తొమ్మిది వేల దగ్గర ఆగిపోయిన పనిని మళ్లీ మొదలుపెడితే మొదటి తొమ్మిది వేలకు మళ్లీ పోకూడదు. గేటు దగ్గరికొచ్చిన ఆ పెద్దాయన గుర్తున్నాడు కదా.

తప్పులు పట్టుకోవడానికి లూప్ చుట్టూ ట్రై, క్యాచ్ (తప్పు జరిగితే పట్టుకునే కోడ్) పెట్టి, ఆగిపోతే స్థితిని "ఆగిపోయింది" అని రాసి, కారణాన్ని సందేశంలో పెట్టండి. కానీ మెమరీ నిండి లైనక్స్ ప్రోగ్రామ్‌ను చంపేస్తే దానికి ఏదీ రాసే అవకాశం ఉండదు. పుస్తకంలో "నడుస్తోంది" అనే ఉంటుంది, ఎన్ని రోజులైనా. అందుకే చివరిసారి రాసిన సమయం. రెండు నిమిషాలుగా కొత్త రాత లేకపోతే పని పోయినట్టే లెక్క.

4. పుస్తకం చదివి చెప్పే చిన్న అడ్రస్

పని నంబరు ఇస్తే ఆ వరుస చదివి జేసన్‌గా (జావాస్క్రిప్ట్ సులువుగా చదివే రాత పద్ధతి) ఇచ్చే చిన్న ఫైల్ రాయండి. పదిహేను లైన్లకు మించదు. క్యాష్-కంట్రోల్ హెడర్‌లో నో-స్టోర్ పెట్టండి, లేకపోతే బ్రౌజర్ దాచుకున్న పాత అంకెలే మళ్లీ మళ్లీ రావొచ్చు.

పీహెచ్‌పీ సెషన్ గురించి ఇక్కడే చెప్పాలి. లాగినైన మనిషి వివరాలను సర్వర్ ఒక ఫైల్‌లో గుర్తుపెట్టుకోవడమే సెషన్. అది మొదలైతే ఆ ఫైల్‌కు తాళం పడుతుంది, ఆ పేజీ అయ్యేదాకా తీయదు. అదే మనిషి పంపిన రెండో అభ్యర్థన బయట నిలబడుతుంది. పాత పద్ధతిలో పెద్ద పనిని వెబ్ పేజీలోనే నడిపేవాళ్లకు పట్టీ కదలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. లాగిన్ వివరాలు చదివిన వెంటనే సెషన్ రైట్ క్లోజ్ అనే ఫంక్షన్ పిలవండి, తాళం వదిలేస్తుంది. ఇదే బాధా అని తెలుసుకోవాలంటే, పని ఒక బ్రౌజర్‌లో నడిపించి, స్థితిని వేరే బ్రౌజర్‌లో లాగినై చూడండి. అక్కడ కదులుతుంటే తాళమే.

5. పేజీలో చూపించడం

హెచ్‌టీఎంఎల్‌లో ప్రోగ్రెస్ అనే ట్యాగ్ ఉంది, మ్యాక్స్, వాల్యూ ఇస్తే పట్టీ అదే గీస్తుంది. రెండు సెకన్లకోసారి ఫెచ్‌తో (పేజీ మారకుండా సర్వర్‌ను అడిగే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) స్థితి అడిగి, అంకెలు మార్చండి. జవాబు కోసం ఆగకుండా గడియారంలా పిలిచే సెట్ ఇంటర్వెల్ వాడొద్దు. దేవరకొండ అవతల నెట్ నెమ్మదించినప్పుడు పాత జవాబు రాకముందే కొత్త అభ్యర్థన పోతుంది, అన్నీ పోగుపడతాయి. జవాబు వచ్చాక సెట్ టైమౌట్‌తో తర్వాతి అభ్యర్థన పెట్టుకోండి. స్థితి "అయిపోయింది" అయినా "ఆగిపోయింది" అయినా అడగడం మానేయాలి.

నెట్ పోయి ఫెచ్ తప్పితే "పని విఫలమైంది" అని భయపెట్టకండి. పోయింది నెట్టు, పని సర్వర్‌లో నడుస్తూనే ఉంది. ఆ మాటే రాసి, ఐదు సెకన్లు, పది సెకన్లు అని వ్యవధి పెంచుతూ మళ్లీ అడగండి. పని నంబరును పేజీ అడ్రస్‌లోనే ఉంచితే, రిఫ్రెష్ చేసినా ఫోన్లో తెరిచినా అక్కడికే వస్తారు.

ట్యాబ్ వెనక్కి పోతే బ్రౌజర్లు టైమర్లను నెమ్మదింపజేస్తాయి, క్రోమ్ అయితే కొంతసేపటికి నిమిషానికోసారే లేపుతుంది. తిరిగి వచ్చినప్పుడు పాత అంకె కనబడకుండా, ట్యాబ్ మళ్లీ ముందుకొచ్చిందని చెప్పే విజిబిలిటీ ఛేంజ్ ఈవెంట్ రాగానే ఒకసారి వెంటనే అడగండి.

ఏం చూపించాలన్నదానిపై నా మాట: "40 శాతం" అంటే గుమస్తాకు ఏమీ అర్థం కాదు. "18,240 చీటీల్లో 7,300 అయ్యాయి, ఇంకో ఆరు నిమిషాలు పట్టొచ్చు" అంటే టీ తాగడానికి పోవచ్చో లేదో తేల్చుకుంటాడు. 7,300 నాలుగు నిమిషాల్లో అయితే నిమిషానికి 1,825, మిగిలిన 10,940కి ఆరు నిమిషాలు. మొదటి పది సెకన్లు సమయం చూపించకండి, అప్పటి అంచనా ఎటూ పనికిరాదు. చీటీలు అయ్యాక పీడీఎఫ్‌లు చేసే పని మిగిలి ఉంటే, పట్టీని నూరు దగ్గర నిలబెట్టకుండా "బిల్లులు తయారవుతున్నాయి" అని సందేశం మార్చండి.

అడగకుండానే సర్వర్ చెబితే బాగుంటుంది కదా?

లాగ్ లైన్లు వచ్చినవి వచ్చినట్టు పారాలంటే సర్వర్-సెంట్ ఈవెంట్స్ (సర్వర్ తెరిచి ఉన్న ఒకే లైన్‌లో బ్రౌజర్‌కు మాటలు పంపే పద్ధతి) వాడుకోవచ్చు. సర్వర్ కంటెంట్-టైప్‌ను టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్ అని చెప్పి, ప్రతి మాట ముందు డేటా, కోలన్ పెట్టి, ఆ తర్వాత ఒక ఖాళీ లైన్ వదిలి, ఫ్లష్ చేయాలి, అంటే అప్పటికప్పుడు బయటికి తోయాలి. ఖాళీ లైన్ మరిస్తే బ్రౌజర్ ఇంకా మాట పూర్తి కాలేదనుకుని కూర్చుంటుంది. బ్రౌజర్ వైపు ఈవెంట్‌సోర్స్ సరిపోతుంది. రెండువైపులా మాట్లాడుకునే వెబ్‌సాకెట్ అక్కర్లేదు, మాట ఒకవైపే పోతోంది కాబట్టి.

అన్నీ సరిగ్గా రాసినా మాటలన్నీ చివర్లో ఒకేసారి కుమ్మరిస్తే, మధ్యలో ఎవరో మూట కడుతున్నారు. పీహెచ్‌పీ అవుట్‌పుట్ బఫరింగ్ చూడండి, చాలాచోట్ల 4096 బైట్లు నిండేదాకా వదలదు. ఆ తర్వాత ఎన్‌జినెక్స్: ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ హెడర్‌లో నో అని పంపండి. పేజీని కుదించి పంపే జీజిప్ ఉంటే ఈ అడ్రస్‌కు తీసేయండి. పైథాన్‌లో ప్రింట్ మాటలు ఫైల్‌లోకి ఆలస్యంగా పడుతుంటే, ప్రోగ్రామ్‌ను హైఫన్ యు పెట్టి నడపండి.

రెండు హెచ్చరికలు. ఈవెంట్‌సోర్స్ లైన్ తెగితే తనంతట తానే మళ్లీ కలుపుకుంటుంది. పెద్ద పనిని ఆ అడ్రస్‌లోనే నడిపారనుకోండి, కలిసిన ప్రతిసారీ పని మొదటినుంచి మొదలవుతుంది. స్ట్రీమ్‌లో పుస్తకం చదవడం మాత్రమే ఉండాలి. పని ముగిశాక "అయిపోయింది" అనే ఈవెంట్ పంపి, పేజీలో క్లోజ్ పిలవాలి. రెండోది, తెరిచి ఉన్న ప్రతి స్ట్రీమ్ ఒక పీహెచ్‌పీ వర్కర్‌ను (ఒకసారికి ఒక అభ్యర్థన చూసుకునే ప్రోగ్రామ్) పట్టుకుని కూర్చుంటుంది. చిన్న సర్వర్లలో ఎంతమంది వర్కర్లుండాలో చెప్పే మ్యాక్స్ చిల్డ్రన్ మామూలుగా 5 ఉంటుంది. ఐదుగురు పేజీ తెరిచి పెట్టుకుంటే ఆరో మనిషికి సైటే తెరుచుకోదు. ఈ టెన్షన్ ఎందుకని నేను మిల్లులకు రెండు సెకన్ల పద్ధతే పెడతాను.

ఎగ్జెక్ లేదు, క్రాన్ లేదు, ఏం చేయాలి?

అప్పుడు బ్రౌజర్‌తోనే తోయించాలి. పేజీ ఒకసారికి 200 చీటీలు చేయమని అడుగుతుంది, సర్వర్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది, పేజీ తర్వాతి 200 అడుగుతుంది. ఒక్కో విడత పది సెకన్లు దాటకుండా 200ను తగ్గించుకోండి, పెంచుకోండి. ట్యాబ్ మూస్తే పని ఆగుతుంది, ఆ మాట పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. ఎక్కడిదాకా వచ్చిందో డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి మళ్లీ తెరిస్తే అక్కడినుంచే సాగుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

నిజం డేటాతో మొదలుపెట్టకండి. అరవైసార్లు ఒక్కో సెకను నిద్రపోయి లెక్క రాసే ఉత్త ప్రోగ్రామ్ ఒకటి చేయండి. అది బ్రౌజర్‌లో నిమిషంపాటు నెమ్మదిగా కదలాలి.

కదలకపోతే ముందు డేటాబేస్‌లో వరుసను నేరుగా చూడండి. అక్కడే అంకె మారకపోతే తప్పు 3వ మెట్టులో ఉంది. అక్కడ మారుతూ పేజీలో మారకపోతే ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. అభ్యర్థన పెండింగ్‌లో ఉంటే సెషన్ తాళం, జవాబు వచ్చినా పాత అంకె ఉంటే క్యాష్. స్ట్రీమ్ వాడితే సర్వర్ లోపలినుంచి కర్ల్‌ను (బ్రౌజర్ లేకుండా అడ్రస్ తెరిచే కమాండ్) హైఫన్ పెద్ద ఎన్‌తో నడపండి. మధ్యలో ఎన్‌జినెక్స్ ఉన్న అడ్రస్‌కు ఒకసారి, అది లేకుండా నేరుగా ఒకసారి. ఒకచోట లైన్ లైన్‌గా, ఇంకోచోట కుప్పగా వస్తే మూట కడుతున్నదెవరో తెలిసిపోతుంది.

తర్వాత కావాలనే ఇబ్బంది పెట్టండి. బటన్ రెండు ట్యాబ్‌లలో ఒకేసారి నొక్కండి, పని నంబరు ఒకటే రావాలి. మధ్యలో ట్యాబ్ మూసి, అదే అడ్రస్‌ను ఫోన్లో తెరవండి. వైఫై తీసి అర నిమిషం తర్వాత పెట్టండి. చివరగా నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కిల్ కమాండ్‌కు హైఫన్ 9 ఇచ్చి చంపి, గడియారం చూస్తూ కూర్చోండి. రెండు నిమిషాల్లో పేజీ "పని ఆగిపోయినట్టుంది, 4,150 దగ్గర" అని చెప్పి, "అక్కడినుంచి సాగించు" అనే బటన్ చూపించాలి. ఆ బటన్ నొక్కాక అంకె 4,150 నుంచి కదిలితే మిల్లుకు ఇచ్చేయొచ్చు. సున్నా నుంచి మొదలైతే 3వ మెట్టులో "పంపింది" గుర్తు పెట్టారో లేదో చూసుకోండి.